బొట్టు చుట్టూ వ్యాక్స్

“మూడింటికి జాన్‌బాబుని మేజిస్ట్రేటు గారి ముందు పెడుతున్నాం మేడమ్. మీకు ముందే చెప్పకపోతే బాగుండదని ఫోన్ చేశా,” అన్నాడు సిఐ పవన్‌కుమార్.

మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాద కింద ‘ఇక మీరు ఇంట్లో కూర్చోండి’ అన్న ముక్క కూడా ఉంది. కొత్త ఎస్సైగా నా స్టేషనుకొచ్చినప్పుడు పంచనామా ఎలా రాయాలో ఇతనికి నేర్పింది నేనే. నేను డిపార్టుమెంటు వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక ఇతనికి నా మీద గౌరవం పెరిగింది, నా మాట వినటం తగ్గింది.

ఎదురుగా జాన్‌బాబు తల్లి తెరేసమ్మ కూర్చుని ఉంది. స్వెట్టరు మీద కొంగు కప్పుకుని, ఇచ్చిన టీ తాగకుండా గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని నా మొహం వంకే చూస్తోంది.

“ఏమంటన్నాడమ్మా?”

“ఇవాళే కోర్టులో పెడతారట. రిమాండు పడితే ఇప్పట్లో బయటికి రావటం కష్టం.”

“మావాడు చంపలేదు మాణిక్యమ్మగారూ. ఆ నాగబాబు ఎవరో కూడా మావాడికి తెలీదు.”

నాగబాబు చేపలమ్ముకునే మనిషి. కొల్లేటి వైపు నుంచి వచ్చి విజయవాడలో కాపురం పెట్టాడు. తెల్లారుజామునే మార్కెట్లో సరుకు ఎత్తుకుని, మోపెడ్ మీద మైలవరం చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. మొన్న మంగళవారం మంచులో మైలవరం రోడ్డు మలుపు దగ్గర ఒక కారు అతన్ని గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. పాలవాళ్లెవరో చూసి ఆస్పత్రికి పంపారు గానీ దారిలోనే ప్రాణం పోయింది. అతని భార్య తిరుమల ఇంకా స్టేషను మెట్ల మీదే కూర్చుని ఉందని విన్నాను.

రోడ్డు మీద దొరికిన ఇండికేటరు ముక్క, పెట్రోలు బంకు కెమెరాలో కనబడ్డ సగం నంబరు కలిపి పవన్‌కుమార్ ఆ కారుని ఒక్క రోజులో పట్టుకున్నాడు. పనిమంతుడే, కాదనను. కారు భవానీపురంలో ఉండే తిరుపతిరావు గారిది. ఆ ఇంట్లో చెప్పిన మాట ఇది: కారుని సోమవారం జాన్‌బాబు షాపులో పాలిష్‌కిచ్చాం, రాత్రంతా అక్కడే ఉంది, మంగళవారం ఎనిమిదింటికి అతనే తెచ్చి అప్పజెప్పాడు. జాన్‌బాబు చెప్పేది ఇంకొకటి. సోమవారం దీపాలు పెట్టే వేళకే పని ముగించి, కారు వాళ్లింట్లో వదిలి, తాళం చేతికిచ్చి వచ్చేశానంటాడు. ఇద్దరికీ సాక్షులు లేరు.

“మావాడి మాట ఎవరు నమ్ముతారమ్మా! పోయిన క్రిస్మస్‌కి అట్టా చెయ్యకుండా ఉండాల్సింది,” అంది తెరేసమ్మ.

ఆ సంగతి కాలనీ అంతా తెలుసు. పోయిన క్రిస్మస్ రాత్రి ఒక కస్టమరు కారుని అడక్కుండా బయటికి తీసి, దొరికిపోయి, నలుగురిలో తిట్లు తిన్నాడు జాన్‌బాబు. పవన్‌కుమార్ చేతిలో ఉన్న బలమైన ముక్క అదే.

“ఎవరికోసం తీశాడో అడిగారా వాళ్లు? నాకోసం. నాకు మోకాళ్లు లేవవు. ఒక్కసారి కారులో కూర్చుని గుణదల వెళ్లి మేరీమాతని చూసి రావాలిరా అని నేనే ఏడిచా. ఆ నోరు అప్పుడు మూసుకుని ఉంటే ఇయ్యాల నా కొడుకు...”

ఆమె ఏడుస్తుంటే చూడటం నావల్ల కాలేదు. శాలువా కప్పుకుని, ‘టీ తాగు తెరేసమ్మా, నేను వెళ్లొస్తా’ అని లేచాను. చలికాలమంటే నాకు పడదు. నా మోకాళ్లూ అంతంత మాత్రమే.

*

నేను వెళ్లేసరికి తిరుపతిరావు గారింటి ముందు జీపు ఆగి ఉంది. కారుని స్టేషనుకి తరలించటానికి మనుషులొచ్చారు. పోర్టికోకి పైకప్పు సగం వరకే ఉంది. కారు ముందు భాగం ఆరుబయట ఉంది.

“వచ్చేశారా మేడమ్!” అన్నాడు పవన్‌కుమార్.

“నువ్వే కదయ్యా ఫోన్ చేశావ్.”

“రమ్మని కాదు, చెబుదామని చేశా.”

“చెప్పావు, విన్నాను. ఇప్పుడు చూపించు.”

“చూడటానికేముంది? ఇండికేటరు ముక్క అతికించినట్టు సరిపోయింది. గుద్దింది ఈ కారే. కారు ఉన్నది జాన్‌బాబు దగ్గర. వాడికి పరాయి కార్లు తీసే అలవాటుంది. గుద్దాక గీతలు కనబడకుండా పాలిష్ కొట్టేశాడు. పాలిష్ కొట్టేవాడు కాక ఇంకెవడు కొడతాడు మేడమ్?”

“అదే చూద్దామని వచ్చా. టార్చి ఉందా?”

విసుక్కుంటూనే కానిస్టేబుల్ చేత ఇప్పించాడు.

నల్ల కారు. కుడివైపు తలుపులో నా మొహం అద్దంలో కనబడినట్టు కనబడింది, కళ్ల కింద సంచులతో సహా. చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చాను. దూరం నుంచి అదీ మెరుస్తోంది. టార్చిని ఏటవాలుగా పట్టేసరికి బండారం బయటపడింది. ముందు చక్రం పైన, బానెట్ ఎడమ సగం మీద తెల్లటి చారలు. గుడ్డతో రుద్దిన సుళ్లు, వేళ్లు జారిన గుర్తులు. రేకుల సందుల్లో తెల్లగా గడ్డకట్టిన వ్యాక్స్.

“ఒకే కారు మీద రెండు చేతులు పడ్డాయి పవన్.”

“రెండు కాదు, ఒకటే చెయ్యి రెండుసార్లు పడింది. సోమవారం తీరిగ్గా కొట్టాడు. మంగళవారం తెల్లారుజామున హడావిడిలో కొట్టాడు.”

జవాబు బాగానే ఉంది. నేర్పినదాన్ని కదా, మనసులో మెచ్చుకున్నాను కూడా.

“ఇలా రా. ఈ మచ్చలు చూడు. గుండ్రంగా, ఆవగింజంత. గోరు పెట్టి గీరితే పైన వ్యాక్స్, కింద నీటి మరక. ఇవేంటో తెలుసా?”

“మీరే చెప్పండి.”

“మంచు. పోయిన డిసెంబరులో నేనూ ఈ ఘనకార్యం చేశాలే. యూట్యూబులో చూసి, పొద్దున్నే వాకిట్లో నా కారుకి వ్యాక్స్ పూశా. రేకు చల్లగా ఉంటే వ్యాక్స్ ఆరదు. ఆరకముందే తుడిస్తే పేడ అలికినట్టు అవుతుంది. తుడిచేకొద్దీ మంచు పడుతూనే ఉంటుంది. వారం రోజులు నా కారు బూజుపట్టిన ఊరగాయ జాడీలా తిరిగింది. వీధిలో అందరూ చూసి నవ్వారు.”

పవన్‌కుమార్ నవ్వు ఆపుకున్నాడు.

“జాన్‌బాబు షెడ్డు మూడు వైపులా గోడ, ముందు షట్టరు. లోపల రేకు వేడెక్కటానికి పెద్ద లైట్లు. అక్కడ మంచు ఎలా పడుతుంది? షెడ్డు బయట కొట్టాడంటావా? బయట మెయిన్ రోడ్డు, ఎదురుగా టీ బండి. మనిషిని గుద్ది వచ్చినవాడు షట్టరు దించుకుని లోపల కొట్టుకుంటాడా, టీ తాగేవాళ్ల ముందు కొడతాడా? ఈ వ్యాక్స్ పూసింది ఆరుబయట. ఇదిగో, ఇక్కడ.”

అతను పోర్టికో పైకప్పు వంక ఒకసారి చూశాడు. వెంటనే ఒప్పుకుంటే పవన్‌కుమార్ ఎలా అవుతాడు?

“మీ మచ్చల్ని ల్యాబువాళ్లు చూస్తారు లెండి. మూడింటికి మాత్రం వాడు కోర్టులో ఉంటాడు.”

“ఇంకొకటుంది. బొట్టు చూడు.”

బానెట్ మధ్యలో దసరా పూజ బొట్టు. పసుపు మీద మూడు వేళ్లతో పెట్టిన కుంకం. రంగు బాగా వెలిసిపోయింది. కుడివైపు దాని అంచు వెంబడి స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి గీత. అక్కడ టేపు అంటించి, టేపు అంచుదాకా పాలిష్ కొట్టారు. బొట్టు చెరిగిందా, ఊళ్లో ఏ కస్టమరూ ఊరుకోడు. అందుకని జాన్‌బాబు ప్రతి కారుకీ అలాగే టేపు వేస్తాడు. ఎడమవైపు సంగతి వేరు. చక్రం పైనుంచి వచ్చిన గీతని రుద్దుకుంటూ వచ్చిన చెయ్యి బొట్టుకి రెండంగుళాల దూరంలో ఆగిపోయింది. ఆ రెండంగుళాల్లో గీత అలాగే మిగిలింది. గీతలో ఆకుపచ్చ రంగు కూడా ఉంది.

“నాగబాబు మోపెడ్ ఏ రంగు?”

పవన్‌కుమార్ వంగి చూశాడు.

“కస్టమరు తిడతాడని భయపడి ఉంటాడు మేడమ్,” అన్నాడు. గొంతులో ఇందాకటి బిగువు లేదు.

“ప్రాణం మీదికి వచ్చినవాడికి కస్టమరు తిట్ల భయమా? తప్పు దాచాలనుకున్నవాడు ముందు ఆ బొట్టే రుద్దేస్తాడు. సాక్ష్యమైనా మిగలనీ గానీ దీని మీద చెయ్యి వెయ్యకూడదు అనుకున్న మనిషి ఎవరు? అది అడగాలి మనం.”

“కాఫీ తీసుకోండి అండీ,” అని వెనక నుంచి వినబడింది.

తిరుపతిరావు గారి కూతురు సాయిశ్రీ. పాతికేళ్లు ఉంటాయేమో. ఎమ్మెస్సీ చదివి ఇంటి దగ్గరే పిల్లలకి ట్యూషన్లు చెబుతుంది. పోలీసులకి వాంగ్మూలం ఇచ్చింది ఈ అమ్మాయే. తండ్రి పక్కన కూర్చుని తల ఊపాడంతే.

కప్పు అందుకుని, మామూలుగా అడిగినట్టే అడిగాను. “బొట్టు ఎవరు పెట్టారమ్మా?”

“అమ్మ.”

“ఈ దసరాకేనా?”

“ఈ దసరాకి పెట్టలేదండీ. అమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మాకు పండగలు లేవు.”

“అయితే కిందటేడు దసరాది. ఇన్నాళ్లు చెరక్కుండా ఎలా ఉంది?”

“పైన లక్కరు కొట్టి ఉందండీ. అమ్మ చనిపోయిన నెలలోనే కారు వాటర్ వాష్‌కి ఇస్తే, ఇది అమ్మగారి చేతి బొట్టు కదా, పోతే మళ్లీ రాదని... మేం అడక్కుండానే కొట్టి తెచ్చాడు.”

“ఎవరు?”

సాయిశ్రీ ట్రే వంక చూసింది.

“జాన్‌బాబు,” అంది.

నాకు చాలా బాధేసింది. ఆ పిల్లంటే కోపం రావాల్సిన చోట రాలేదు. వెలిసిపోయిన ఆ మూడు వేళ్ల గుర్తులు చూస్తుంటే, ఈ కేసు నా చేతుల్లో కాకుండా ఇంకెవరి చేతుల్లోనైనా తేలి ఉంటే బాగుండేదనిపించింది. కానీ అక్కడ నా గదిలో తెరేసమ్మ టీ చల్లారిపోయి ఉంటుంది, ఆమె కొడుకు లాకప్పులో ఉన్నాడు.

“మీ నాన్నగారితో రెండు మాటలు మాట్లాడాలమ్మా.”

“నాన్నకి ఒంట్లో బాగాలేదండీ. చెప్పాల్సిందంతా నేను చెప్పాగా.”

“రెండే మాటలు.”

*

తిరుపతిరావు గారు హాల్లో పడక్కుర్చీలో మఫ్లరు కట్టుకుని కూర్చున్నారు. చల్లపల్లి నుంచి వచ్చి మోటారు పంపుల వ్యాపారంలో పేరు తెచ్చుకున్న మనిషి. నన్ను చూడగానే లేవబోయి, తడుముకుని, కుర్చీ చెయ్యి పట్టుకున్నారు.

“కూర్చోండమ్మా. ఏంటో, మా ఇంటికి పోలీసులు రావటం ఇదే మొదలు.”

“ఒక్క ఫొటో చూపిస్తానండీ. ఇది మీ కారే కదా?” అని నా ఫోను ఆయన చేతికిచ్చాను.

సాయిశ్రీ ముందుకు రాబోయింది. పవన్‌కుమార్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికీ తెలిసినట్టు లేదు.

ఆయన ఫోనుని దగ్గరికి పెట్టుకున్నారు, దూరంగా పట్టుకున్నారు. మొహం విప్పారింది.

“మాదేనమ్మా. నలుపే కావాలని మా ఆవిడ పట్టుబట్టి కొనిపించింది. చూడండి, ఎంత నిగనిగలాడుతోందో.”

ఫోనుని పవన్‌కుమార్‌కి అందించాను. అందులో ఉన్నది ఊరగాయ జాడీలా ఉన్న నా బూడిదరంగు కారు. అతను ఫొటో చూశాడు, ఆయన్ని చూశాడు, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పెద్దాయన్ని అలా మోసం చేసినందుకు నాకు నామీదే ఒళ్లు మండింది.

“శుక్లాలు ఎన్నాళ్లనుంచండీ?”

“రెండేళ్లయింది. ఆపరేషన్‌కి మా ఆవిడే డాక్టరుతో మాట్లాడింది. ఈలోపు తనే వెళ్లిపోయింది. తరవాత నాకు మనసొప్పలేదు.”

“మంగళవారం పొద్దున్న ఎక్కడికి వెళ్లారు?”

“నాన్న ఎక్కడికీ వెళ్లలేదు!” అని అరిచింది సాయిశ్రీ. “కారు సోమవారం సాయంత్రమే ఇంటికొచ్చింది. జాన్‌బాబు చెప్పింది నిజం. నేనే నడిపాను. రాసుకోండి సర్, నేనే గుద్దాను.”

“ఊరుకో చిన్నీ,” అన్నారు ఆయన. “దానికి కారు స్టార్టు చెయ్యటం కూడా రాదమ్మా. నేను నేర్పుతానంటే భయమని పారిపోయేది.”

తరవాత ఆయనే చెప్పారు. మైలవరం దగ్గర వాళ్ల మామిడితోట ఉంది. భార్యని దహనం చేసింది అక్కడే. మంగళవారం మంగళవారం తెల్లారకముందే వెళ్లి దీపం పెట్టి వస్తారు. కొడుకు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి కారు ముట్టుకోవద్దని నాలుగుసార్లు చెప్పాడు. ఆయన వినలేదు.

“మలుపు దగ్గర కుక్క అడ్డం వచ్చిందమ్మా. దడేల్‌మంది. ఆపి, దిగి చూశాను కూడా. అంతా మంచు. ఏం కనబడలేదు. కుక్కే అయి ఉంటుందని ఇంటికొచ్చేశాను. ఆ నాగబాబుని ఎవరో వేరే వాళ్లు గుద్దారు. నేను గుద్దింది కుక్కని.”

“మరి జాన్‌బాబు?”

“అతను ఏ తప్పూ చెయ్యలేదుగా. రెండ్రోజులు ఉంచుకుని వదిలేస్తారనుకున్నాను. నా కళ్ల సంగతి తెలిస్తే తాళాలు తీసేసుకుంటారు, తోటకి నేనెలా వెళ్లను? అందుకని తల ఊపాను. తప్పేనమ్మా. అతను వస్తే నేనే చెయ్యి పట్టుకుని క్షమించమని అడుగుతాను.”

పవన్‌కుమార్ గుమ్మం బయటికి వెళ్లి స్టేషనుకి ఫోన్ చేశాడు. “మూడింటికి జాన్‌బాబుని తీసుకురావద్దు. కాగితాలు ఆపండి. వాళ్లమ్మకి కబురు పంపండి, వచ్చి తీసుకెళ్తుంది,” అనటం మాకందరికీ వినబడింది. తిరిగొచ్చి నా వంక చూసి, “సారీ మేడమ్,” అన్నాడు. నాకేమీ సంతోషం కలగలేదు.

“సార్, మీ బానెట్ మీద ఆకుపచ్చ పెయింటు ఉందండీ. నాగబాబు మోపెడ్‌ది,” అన్నాడు ఆయనతో. ఆ పొగరుమోతు గొంతులో అంత మెత్తదనం నేనెప్పుడూ వినలేదు.

తిరుపతిరావు గారు కూతురు ఎటు ఉందో వెతుక్కుంటున్నట్టు తల తిప్పారు.

“కుక్కేనని నువ్వూ అన్నావు కదమ్మా? ముందు కారంతా చూసొచ్చి నువ్వే చెప్పావు, కుక్కే నాన్నా, కంగారుపడకు, నువ్వెళ్లి పడుకో అని.”

సాయిశ్రీ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

“కుక్కకి పొలుసులు ఉండవు నాన్నా.”

తల ఎత్తకుండానే మిగతాదీ చెప్పింది.

“బంపరు కింద, లైటు సందులో చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. టార్చి వేస్తే మెరిశాయి. గోటితో ఒక్కొక్కటే తీశాను. అప్పటికి ఆరు కూడా కాలేదు. చేపలబండి వాళ్లెవరో అనుకున్నా. నిన్ను తీసుకెళ్లిపోతారు, అమ్మ లేదు, నువ్వు కూడా లేకపోతే ఎలా అని... గీతలు పోవాలని ముందు వాటి సంగతే చూశాను.” ఆమె నా వైపు తిరిగింది. “పేపర్లో అక్కడికక్కడే చనిపోయాడని వేశారండీ. నిజమే కదా? ఎవరు వెళ్లినా ఏం చెయ్యగలిగేవాళ్లు కాదు కదా?”

పవన్‌కుమార్ నేలవైపు చూశాడు. ఆ జవాబు నామీద వదిలేశాడని అర్థమైంది. ఇలాంటి జవాబులు చాలా ఇళ్లలో చెప్పాను. ఇంత మనసు కష్టపెట్టుకుని ఎక్కడా చెప్పలేదు. అబద్ధం చెబుదామా అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. రేపు కోర్టులో డాక్టరు చెబితే వింటుంది, అది ఇంకా ఘోరం.

“లేదమ్మా. పేపరువాళ్లు తప్పు వేశారు. పాలవాళ్లు చూసేసరికి ఏడున్నర. అప్పటిదాకా రక్తం పోతూ అక్కడే ఉన్నాడు. పాలవాళ్లని మంచినీళ్లు అడిగాడట.”

తిరుపతిరావు గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఆ చేతుల వెనక నుంచే అడిగారు.

“నీ దగ్గర ఫోను లేదా చిన్నీ అప్పుడు? అంబులెన్సుకి ఒక్క ఫోను... పేరు చెప్పకుండానైనా...”

“ఫోను చేతిలోనే ఉంది నాన్నా,” అంది సాయిశ్రీ. “చలికి వ్యాక్స్ ఆరకపోతే ఏం చెయ్యాలో అందులో వెతుకుతున్నాను.”